పేరు తీసినా సామాను పోదు

మా ఇంటి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఎడమ మూల కింద ఐదు పేర్లు కనబడేవి. నాదొకటి, మా ఆవిడదొకటి. మూడోది ఎంసెట్ కోచింగ్‌కి మా ఇంట్లో ఉండి చదువుకున్న బావమరిది కొడుకుది. నాలుగోది లాక్‌డౌన్‌లో ఆఫీసు పనికోసం పెట్టుకున్నది. ఐదోది 'టెస్ట్'. అది పెట్టింది నేనేనని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

సీ డ్రైవ్ గీత ఎర్రబడి, పేస్లిప్ కూడా సేవ్ కానన్న రోజున ఒళ్లు మండింది. యూజర్స్ ఫోల్డర్ తెరిచి, కుర్రాడి పేరున్న ఫోల్డర్ పట్టుకుని డిలీట్ కొట్టేశాను. సంక్రాంతికి వచ్చి వాడు లాగిన్ అయితే, టెంపరరీ ప్రొఫైల్ అంటూ బోసి డెస్క్‌టాప్ తెరుచుకుంది. "మావయ్యా, నా ఫొటోలేవీ?" అన్నాడు. టీ తాగుతావురా అని అడిగాను.

అకౌంటు వేరు, ప్రొఫైల్ వేరు. లాగిన్ అయ్యే పేరూ పాస్‌వర్డూ అకౌంటు. ఆ పేరుమీద పోగుపడిన డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, సెట్టింగులు ప్రొఫైల్. ఎవరి ప్రొఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో విండోస్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది. ఫోల్డర్‌ని చేత్తో పీకేసినా ఆ రాత చెరగదు. అందుకే ఆ తికమక.

తీసేముందు ఎవరి అకౌంటులో వాళ్లచేతే లాగిన్ చేయించి, కావలసినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమనండి. వన్‌డ్రైవ్ వాడేవాళ్లయితే మరీను. మబ్బు గుర్తున్న ఫైలు ఇక్కడ పేరుకే ఉంటుంది, అసలుది నెట్‌లో ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ దారిన వెళ్తే 'కీప్ ఫైల్స్' కావాలా అని అడుగుతుంది. సరేనంటే వాళ్ల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలు, పాటలు, వీడియోలు ఓ ఫోల్డర్‌గా మీ డెస్క్‌టాప్ మీదికి వస్తాయి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ లేదు. మనవాళ్ల ఫారం 16లు, ఆధార్ పీడీఎఫ్‌లు, ఆఫర్ లెటర్లు పడి ఉండేది మాత్రం అక్కడే.

ఇక తీయడం రెండు నిమిషాల పని. మీది అడ్మినిస్ట్రేటర్ అకౌంటై ఉండాలి, తీయబోయేది సైన్ అవుట్ అయి ఉండాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి, పేరుమీద నొక్కి రిమూవ్, ఆపైన 'డిలీట్ అకౌంట్ అండ్ డేటా'. తర్వాత రీసైకిల్ బిన్‌లో వెతికినా ఉండదు. మైక్రోసాఫ్ట్ అకౌంటైతే ఈ సిస్టమ్ మీదనుంచే పోతుంది, వాళ్ల మెయిలుకి ఏమీ కాదు.

ఒక్కోసారి పేరు పోయి సామాను మిగిలిపోతుంది. స్టార్ట్‌లో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' వెతికి, యూజర్ ప్రొఫైల్స్ కింద సెట్టింగ్స్ తెరవండి. ఏ ప్రొఫైల్ ఎంత స్థలం తింటోందో అంకెలతో సహా కనబడుతుంది. 'అకౌంట్ అన్‌నోన్' అని ఉందంటే దిక్కులేని సామానన్నమాట, అక్కడే డిలీట్ చేయండి. బటన్ పనిచేయకపోతే ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. యూజర్స్ ఫోల్డర్‌లో కనబడే పబ్లిక్, డిఫాల్ట్ మాత్రం మనుషుల పేర్లు కావు, వాటి జోలికి పోవద్దు. ఇంట్లో ట్యాలీ ప్రైమ్‌లో లెక్కలు రాసేవాళ్ల డేటా చాలాసార్లు పబ్లిక్‌లోనే ఉంటుంది.

మానేసిన కంపెనీ అకౌంటు సొంత ల్యాప్‌టాప్‌లో ఉండిపోతే, అకౌంట్స్‌లోనే 'యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్'లో డిస్‌కనెక్ట్ చేయాలి. ల్యాప్‌టాపే కంపెనీదైతే వేలు పెట్టకండి, ఐటీ వాళ్లకి అప్పజెప్పండి. క్రోమ్ ప్రొఫైళ్ల లెక్క వేరు. విండోస్ అకౌంటును కదపకుండానే క్రోమ్‌లోంచి తీసేయొచ్చు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది నాకు ఆఖర్న తట్టింది. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది. అది సాధారణంగా మొదట సెటప్ చేసినవాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాగి ఉంటుంది. ఎప్పుడైనా నీలి తెర ఆ కీ అడిగితే, వాళ్ల చుట్టూ తిరగాల్సిందే. వాళ్ల పేరు తీసేలోపే కీ కాగితం మీద రాయించుకోండి. మా ల్యాప్‌టాప్ కొన్నప్పుడు సెటప్ చేసిచ్చింది కుర్రాడే. కీ కోసం ఫోన్ చేశాను.

"ఫొటోలు దొరికాయా మావయ్యా?" అన్నాడు ముందు.