1830 ఆటలో ఎత్తుగడ వేయడం ఎలా?

నియమాలన్నీ చదివినా '1830' బోర్డు ముందు కూర్చున్నాక ఏం చేయాలో తోచకపోవడం మామూలే. ఫ్రాన్సిస్ ట్రెషామ్ రూపొందించగా 1986లో అవలాన్ హిల్ విడుదల చేసిన ఈ ఆట, అమెరికా ఈశాన్య ప్రాంతపు రైల్వే కంపెనీల షేర్ల చుట్టూ నడుస్తుంది. పట్టాలు వేయడం సరదాగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ల చూపంతా వాటి మీదే. మనం మాత్రం రైళ్ల దగ్గర మొదలుపెడదాం.

కావలసినవి

ఆట పెట్టె, నలుగురు మనుషులు, కాగితం, పెన్సిలు, తీరిక ఉన్న సెలవు రోజు.

పద్ధతి

1. మన డబ్బు ఎడమవైపు, కంపెనీ డబ్బు కుడివైపు పెడదాం. గెలుపు లెక్కకు వచ్చేవి మన చేతి నగదు, మన షేర్ల విలువే. కంపెనీ గల్లాలో మిగిలింది మనది కాదు.

2. కాగితం మీద రైళ్ల పట్టిక రాసుకుందాం:
2-రైళ్లు ఆరు, ధర 80 డాలర్లు
3-రైళ్లు ఐదు, 180
4-రైళ్లు నాలుగు, 300
5-రైళ్లు మూడు, 450
6-రైళ్లు రెండు, 630
ఆపైన డీజిల్, 1,100
మొదటి 4-రైలు కొనగానే 2-రైళ్లన్నీ తుప్పుపట్టి బోర్డు నుంచి పోతాయి. మొదటి 6-రైలుతో 3-రైళ్లు, మొదటి డీజిల్‌తో 4-రైళ్లు పోతాయి. రైలు అమ్ముడైన ప్రతిసారీ ఒక గీత కొట్టేద్దాం. కంపెనీ వంతు వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఒకటే: ఇంకెన్ని అమ్ముడైతే నా రైలు పోతుంది? ఈ ఆటలో ఎత్తుగడ అంటే నాకు ముందు ఇదే. ఎవరి రైళ్లు పోతాయో చూసి, ఒక్కోసారి అవసరం లేకున్నా రైలు కొని వాళ్లను తొందరపెట్టవచ్చు.

3. ఇప్పుడు షేరు ప్రారంభ ధర. ఆరు షేర్లు అమ్ముడైతే కంపెనీ కదులుతుంది, ధరకు పది రెట్లు గల్లాలో పడుతుంది. 67 పెడితే 670. ఒక 2-రైలు, ఒక 3-రైలు కొంటే మిగిలేది 410. దాంతో 5-రైలు రాదు. 100 పెడితే అవే కొన్నాక 740 ఉంటుంది. కానీ ఆరు షేర్లకు 600 కావాలి. నలుగురి ఆటలో మొదట మన చేతికొచ్చేదే 600! అందుకే ఆట మొదట్లో జరిగే వేలంలో చిన్న ప్రైవేటు కంపెనీల మీద డబ్బు ఎక్కువ పోయకండి.

4. డివిడెండ్ పంచితే షేరు ధర కుడికి, ఆపితే ఎడమకు జరుగుతుంది. మామూలుగా పంచుదాం. తుప్పుపట్టని 5-రైలు కొనడానికి డబ్బు చాలదనిపిస్తే ముందుగానే ఒక విడత ఆపుదాం.

తరచూ జరిగే పొరపాట్లు

నడిపే దారి ఉండీ కంపెనీకి రైలు లేకపోతే రైలు కొనక తప్పదు; గల్లాలో తక్కువైన డబ్బు ప్రెసిడెంట్, అంటే ఆ కంపెనీని నడిపే ఆటగాడు, తన జేబులోంచి పెట్టాలి. షేర్లు అమ్మినా చాలకపోతే దివాలా, ఆట అక్కడితో ముగుస్తుంది.

మరో పొరపాటు, ఎదుటివారి కంపెనీలో రెండు షేర్లు కొని మరచిపోవడం. వాళ్లు తమ షేర్లు అమ్మేసుకుంటే ప్రెసిడెంట్ పదవి, ఖాళీ గల్లాతో సహా మన నెత్తిన పడుతుంది. షేర్ల రౌండులో మన వంతు వచ్చినప్పుడల్లా ఆ కంపెనీ గల్లా, రైళ్లు చూద్దాం. రెండూ బాగోలేకపోతే వాళ్లకంటే ముందే అమ్మేద్దాం. తొలి షేర్ల రౌండులో మాత్రం ఎవరూ అమ్మడానికి వీల్లేదు.