పరుపు క్రింద గడియారం

ఈ మాసపు పాఠానికి బైబిలుతో పాటు ఒక నవలను కూడా దగ్గర పెట్టుకుందాం. ఖాలెద్ హొసైనీ ఇంగ్లీషులో వ్రాసిన "ది కైట్ రన్నర్" 2003లో వెలువడింది, 2007లో సినిమాగా వచ్చింది. తెగిన గాలిపటం వెంట పరుగెత్తే పిల్లవాడు అని ఆ పేరుకు అర్థం. రచయిత 1965లో కాబూలులో పుట్టి, 1980లో తల్లిదండ్రులతో అమెరికాలో ఆశ్రయం పొందిన వైద్యుడు. యౌవనస్థుల కూటంలో దీనిని చదివినవారు ఒక ప్రశ్న వేశారు: "చివర అమీరు అన్ని దెబ్బలు తిన్నాడు కదా, ఇక అతని దోషం తీరినట్టేనా?" చిన్న ప్రశ్న కాదు. కథ తెలియనివారి కోసం ముందు కొంచెం చెప్పుకుందాం.

అమీరు కాబూలులో ఒక ధనవంతుడైన పష్తూను కొడుకు. హసన్ ఆ ఇంటి పనివాడైన అలీ కొడుకు, చిన్నచూపుకు గురైన హజారా తెగవాడు. తల్లులు దగ్గర లేని ఈ ఇద్దరూ ఒకే దాది పాలు త్రాగి పెరిగారు. దానిమ్మ చెట్టు క్రింద అమీరు కథలు చదివితే అక్షరం రాని హసన్ వినేవాడు. 1975 చలికాలంలో గాలిపటాల పందెంలో అమీరు గెలిచాడు. ఓడిన గాలిపటాన్ని అతని కోసం తేవడానికి పరుగెత్తిన హసన్‌ను అసెఫ్ అనే పెద్దింటి కుర్రవాడు సందులో అడ్డగించి అతనిపై అఘాయిత్యం చేశాడు. అమీరు సందు మలుపులో దాగి చూశాడు. అరవలేదు. వెనుదిరిగి పారిపోయాడు.

చాలామంది ఈ సందు దగ్గరే ఆగి అమీరును పిరికివాడు అంటారు. పన్నెండేళ్ళ పిల్లవాడు భయపడ్డాడు, సరే. మనం ఎక్కువగా ఆలోచించవలసింది తరువాత జరిగిన దానిని గురించి. హసన్ ముఖం చూసినప్పుడల్లా అమీరుకు తన పని గుర్తుకు వస్తుంది. అందుచేత హసనే కంటికి కనబడకూడదు అనుకున్నాడు. దానిమ్మకాయలతో కొట్టి, తిరిగి కొట్టమని రెచ్చగొట్టాడు. హసన్ ఒక కాయను తన నుదుటిమీదే పగులగొట్టుకున్నాడు. చివరకు అమీరు తన కొత్త గడియారాన్ని, కొంత డబ్బును హసన్ పరుపు క్రింద పెట్టి దొంగతనం అంటగట్టాడు. నీవే తీశావా అని యజమాని అడిగితే హసన్ అవునన్నాడు. అమీరును అబద్ధికుడని చెప్పడం ఇష్టంలేక నేరం తనమీద వేసుకున్నాడు. తండ్రీ కొడుకులు ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. ఆదికాండము 44లో బెన్యామీను గోనెలో పెట్టించిన వెండి గిన్నె గుర్తుకు రావచ్చు. అక్కడ యోసేపు అన్నల మనస్సు మారిందో లేదో పరీక్షించడానికి పెట్టించాడు. ఇక్కడ పెట్టింది సాక్షిని ఇంటి నుండి వెళ్ళగొట్టడానికి.

మరొక సంగతి. హసన్‌ను స్నేహితుడు అని అమీరు ఎన్నడూ అనుకోలేకపోయాడు. ఆటకు తోడు, పనికి నౌకరు, అంతే. ఇది మన కె.జి.ఎఫ్. వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ గని పని చేపట్టిన తరువాత దొరలకు బంగళాలు, కూలీలకు లైన్లు. బంగళాలో వంటవాని కొడుకు దొర బిడ్డతో బంతి ఆడవచ్చు గాని క్లబ్బు గేటు దగ్గర ఆ ఆట ఆగిపోయేది. చిత్తూరు వైపు నుండి గనికి రాకముందు మన పెద్దల ఊళ్ళలోనూ అంతే. ఊరి పిల్లవాడు, మాలపల్లె పిల్లవాడు ఒకే చెరువులో ఈదేవారు, గడప దగ్గర ఒకడు ఆగిపోయేవాడు. ఇటువంటి స్నేహానికి ద్రోహం చేయడానికి పగ అవసరం లేదు, నోరు మూసుకుంటే చాలు. లోకం కూడా నిన్ను తప్పు పట్టదు.

మన కోలారు జిల్లా మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగారు 1956లో కన్నడంలో "చిక్కవీర రాజేంద్ర" వ్రాశారు, జ్ఞానపీఠం అందుకున్నారు. 1834లో ఇంగ్లీషువారి పాలైన కొడగు కథ అది. అందులో రాజుకు చిన్ననాటి తోడు కుంటి బసవ. మంత్రి అయినా అతడు రాజు నీడగానే బ్రతికి, కడకు రాజు చేతిలోనే చనిపోతాడు. దిద్దుకోవడానికి ఆ రాజుకు సమయం మిగలలేదు. అమీరుకు మిగిలింది.

1981లో అమీరు, తండ్రి దేశం విడిచి పాకిస్తాను మీదుగా కాలిఫోర్నియా చేరారు. కాబూలులో దర్జాగా బ్రతికిన తండ్రి పెట్రోలు బంకులో పని చేశాడు, ఆదివారాలు సంతలో పాత సామాను అమ్మాడు. అమీరుకు మాత్రం ఆ దేశం ఒక విధంగా హాయి, ఎందుకంటే అక్కడ హసన్‌ను ఎరిగినవారు లేరు. పెండ్లికి ముందు సొరయా తన గతాన్ని దాచకుండా చెప్పుకుంటే, అమీరు ఆమె ధైర్యానికి అసూయపడి తన సంగతి దాచుకున్నాడు. 2001లో గని మూతపడిన తరువాత మనవారు ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోయారు, కొందరు ఇంకా దూరం పోయారు. క్రొత్తచోట నీ పాత సంగతి అడిగేవారు ఉండరు. కష్టపడి వచ్చినవానికి అది మేలే, దాచుకుని వచ్చినవానికి ఉచ్చు. యోసేపు అన్నలకు ఇరవై ఏళ్ళు దాటాక, అదీ పరాయి దేశంలో ధాన్యం కొనబోయినప్పుడు, తమ్ముని మొర గుర్తుకు వచ్చింది (ఆదికాండము 42).

అదే 2001 వేసవిలో తండ్రి మిత్రుడు రహీం ఖాన్ పెషావరు నుండి అమీరుకు ఫోను చేశాడు. వెళ్ళాక తెలిసింది: హసన్ చదవడం నేర్చుకుని తనకు ఉత్తరం వ్రాసి పెట్టాడు, వారి ఇంటిని కాపాడుతూ ఉండగా తాలిబానులు అతనిని, భార్యను కాల్చి చంపారు. పైగా హసన్ తన తండ్రికే పుట్టిన తమ్ముడు. అన్ని పాపాలూ దొంగతనమే అని బోధించిన తండ్రి ఇద్దరు కొడుకుల దగ్గరా సత్యాన్ని దొంగిలించాడు. హసన్ కొడుకు సొహ్రాబు దిక్కులేనివాడై కాబూలులో మిగిలాడు.

అమీరు అక్కడికి పోతూ ఒక పేద ఇంట్లో రాత్రి ఉన్నాడు. పిల్లలు తన గడియారం వంక చూస్తున్నారనుకుని ఇచ్చేశాడు. వారు చూసింది అతని భోజనం వంక. తనకు పెట్టి పిల్లలు పస్తున్నారని తెలిసి, తెల్లవారి ఎవరూ చూడకుండా పరుపు క్రింద డబ్బు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ క్రితం చేసిన అదే పని, ఈసారి మరొక ఉద్దేశంతో. మా మట్టుకు ఈ నవలలో విమోచన ఇక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు యౌవనస్థుల ప్రశ్న. సొహ్రాబు తాలిబాను నాయకుడైన అసెఫ్ చేతిలోనే ఉన్నాడు. అసెఫ్ ఎముకలు విరిగేలా కొడుతుంటే అమీరు నవ్వాడు, భారం దిగినట్టు అనుకున్నాడు. దోషం తీరింది ఇక్కడే అంటే మేము ఒప్పుకోము. ఆ దెబ్బల వలన ఊరట కలిగింది అమీరుకు. హసన్‌కు గాని సొహ్రాబుకు గాని వాటితో ఏమి వచ్చింది? అమీరును బ్రతికించింది కూడా ఆ పిల్లవాని వడిసెలే. తరువాత, నిన్ను మళ్ళీ అనాథాశ్రమంలో పెట్టను అని ఇచ్చిన మాటను అమీరు తప్పబోయాడు. పిల్లవాడు ప్రాణం తీసుకోబోయి, బ్రతికి, మాట మానేశాడు. ఆ మౌనం ప్రక్కన నెలల తరబడి కూర్చోవడమే అసలు పని. 2002 మార్చిలో ఒక పార్కులో గాలిపటం ఎగిరినప్పుడు పిల్లవాని పెదవి ఒక ప్రక్క కొంచెం కదిలింది. రచయిత అంతకు మించి ఇవ్వలేదు, అది అతని నిజాయితీ.

2 సమూయేలు 9 చదవండి. దావీదు యోనాతానుకు ద్రోహం చేయలేదు, అయినా స్నేహితుడు పోయాక అతని కుంటి కుమారుడైన మెఫీబోషెతును వెదకి భూమి, భోజనపు బల్ల దగ్గర చోటు ఇచ్చాడు. తరువాత సీబా మాట నమ్మి ఆ భూమిని తీసివేశాడు కూడా (16, 19 అధ్యాయాలు). పాఠాలు చెప్పేవారు ఈ భాగాన్ని దాటవేస్తుంటారు, దాటవేయకండి.

కూటంలో చర్చకు: హసన్ ఉత్తరం తప్ప అతని మనస్సు మనకు ఎక్కడా వినబడదు. రచయిత అతనిని మరీ మంచివాడిగా చేసి అమీరుకు పని సులువు చేశాడా? హసన్ తిరగబడి, క్షమించను అని ఉంటే అమీరు బాధ్యత తగ్గేదా? లేవీయకాండము 25లో విడిపించే భారం సమీప బంధువుది. అమీరు కాబూలుకు పోయింది రక్తసంబంధం తెలిసిన తరువాతనే. హసన్ తమ్ముడు కాక, వట్టి పనివాని కొడుకే అయి ఉంటే, అతడు పోయేవాడా?