శ్రద్ధయు ప్రజ్ఞయు

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమున కుతుబుషాహీల కాలపు పెద్ద చెరువు కలదు. వాన లేక చెరువు నిండదు. కట్ట లేక వాననీరు నిలువదు. సహజప్రజ్ఞ వానవంటిది, శ్రద్ధ కట్టవంటిది. మొదటిది మన చేతిలోనిది కాదు. రెండవది దినదినమును మనము వేయు మట్టితట్టలచే నేర్పడును.

ప్రజ్ఞావంతుడు ఒకమారు విని గ్రహించును. శ్రద్ధాళువు పదిమారులు చదివి గ్రహించును. గ్రహించిన పిమ్మట ఇరువురి విద్యయు నొక్కటియే. అయినను కఠినవిషయ మెదురైనపుడు మొదటివాడు వెనుదీయుట కలదు. రెండవవానికి పదునొకండవమారు భారము గాదు.

మరియు బాల్యముననే ప్రజ్ఞను నిర్ణయింప మనకు శక్యమా? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షయందు మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. ఆయనయే అమెరికాకేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే గారితో గూడి, శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. రెండవమారు తప్పినపుడే "వీనికి చదువు రాదు" అని మాన్పించియుండిన లోకమున కెంత నష్టము!

కావున పిల్లలను మందులనియు మేధావులనియు విభజింపకుడు. "నేడేమి చదివితివి?" అని ప్రేమతో నడుగుడు. కట్ట వేయుట మన పని.