రక్తములో చక్కెర: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామములో కలరా తగిలినచో ఊరంతయు కదలును. బావులలో మందు చల్లింతురు, డప్పు వేయించి జనులను హెచ్చరింతురు. కాని నొప్పి లేకుండ, జ్వరము లేకుండ, ఏండ్ల తరబడి శరీరమును లోలోపల గుల్లచేయు వ్యాధి వచ్చినపుడు ఎవరును కదలరు. ఒక్కొక్కప్పుడు రోగికే ఆ సంగతి తెలియదు. అట్టి వ్యాధియే మధుమేహము. మన పల్లెలలో దీనిని చక్కెర వ్యాధి యనియు, షుగరు అనియు పిలుచుచున్నారు.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన సర్వే ననుసరించి మన దేశములో సుమారు 10 కోట్ల మంది ఈ వ్యాధికి లోనై యున్నారు. 13 కోట్లకు పైబడినవారు దాని గడపవద్ద నిలిచి యున్నారు. ఇది పట్టణములలోని ధనికుల జబ్బు అను మాట యిక చెల్లదు.

వ్యాధి యెట్టిది?

మనము తిన్న అన్నముగాని రొట్టెగాని జీర్ణమై చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెర కండరములకు అందుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. జీర్ణాశయము వెనుకనుండు క్లోమగ్రంథి దీనిని తయారుచేయును. కాలువ నిండ నీరున్నను తూము తెరచుకొననిచో మడి యెండును, కాలువ గట్టు కోసికొనిపోవును. అట్లే ఇన్సులిన్ చాలకపోయినను, సరిగా పనిచేయకపోయినను కండరములకు బలము చేరదు. రక్తములో నిలిచిన చక్కెర కండ్లను, మూత్రపిండములను, గుండెను, కాళ్ల నరములను చెరచును.

రోగి మూత్రమునకు చీమలు పట్టుట గమనించిన మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని ఎన్నడో గుర్తించిరి. కాని ఇన్సులిన్‌ను 1921లో కెనడా దేశపు టొరంటో నగరములో కనుగొనిరి. 1922 జనవరిలో దానిని మొదటిసారిగా 14 ఏండ్ల బాలునకు ఇచ్చిరి. అంతవరకు ఇన్సులిన్ పూర్తిగా లోపించిన పిల్లలకు మరణము తప్పెడిది కాదు. నేడు ఈ వ్యాధి గలవారు మందుతోను, మితాహారముతోను చిరకాలము జీవింపవచ్చును.

గుర్తించుట యెట్లు?

అతిదాహము, మాటిమాటికి మూత్రము, కారణము లేకుండ బరువు తగ్గుట, నీరసము, చూపు మసకబారుట, పుండు త్వరగా మానకుండుట దీని లక్షణములు. అయితే పెక్కుమందిలో మొదట ఇవేవియు కనబడవు. కావున రక్తపరీక్షయే శరణ్యము.

పరగడుపున రక్తములో చక్కెర 100 మిల్లీగ్రాముల లోపున్న మేలు. 100 నుండి 125 వరకున్నచో హెచ్చరికగా నెంచవలెను. 126గాని అంతకుమించిగాని యున్నచో వ్యాధి యున్నట్లే. లక్షణములు లేనివారికి మరల పరీక్షించి నిశ్చయింతురు. 30 ఏండ్లు దాటిన ప్రతివారును, ప్రతి గర్భిణీ స్త్రీయును ఈ పరీక్ష చేయించుకొనవలెను.

మారిన మన బ్రతుకు

సిద్దిపేట ప్రాంతము నిన్న మొన్నటివరకు మెట్టనేల. జొన్న రొట్టె, మక్క గట్క, అంబలి మన పెద్దల ఆహారము. నాగలి పట్టుటయు, నీరు తోడుటయు, కాలినడకయు వారి దినచర్య. 2020లో చంద్లాపూర్ వద్ద రంగనాయక సాగరములోనికి గోదావరి జలములు చేరినవి. వరి మడులు పచ్చబడుట మనకందరకు సంతోషమే. కాని నేడు మూడు పూటల అన్నమే, దున్నుటకు ట్రాక్టరే, పొలమునకు పోవుటకు మోటారు సైకిలే. తిండి పెరిగి శ్రమ తరిగినచో చక్కెర రక్తములోనే నిలుచును.

అన్నమును బొత్తిగా మానుమని మేము చెప్పుట లేదు. కొలత తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచవలెను. జొన్న రొట్టెయు మేలే. కాని అదియు మితము దాటినచో చక్కెరను పెంచును. బెల్లము చక్కెరకు మారు కాదు. బతుకమ్మ పండుగనాటి మలీదయైనను కొంచెమే రుచి చూడవలెను. రోజుకు అరగంట వడిగా నడచుట ఎవరికైనను సాధ్యమే.

మందు మానరాదు

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక రైతుకు పరీక్షలో చక్కెర 240 ఉన్నదని తేలినది. మూడు నెలలు మాత్రలు వేసికొనెను. ఒంట్లో బాగుగా నున్నదని తలచి మానివేసెను. కొన్ని యేండ్లకు అరికాలు మొద్దుబారెను. పొలములో ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియలేదు. పుండు ముదిరి తుదకు పాదము తీసివేయవలసి వచ్చెను. ముల్లు తీసికొనుట పసివానికైనను తెలిసిన పనియే. ఆ రైతు పాదమును పోగొట్టినది ముల్లు కాదు, మానివేసిన మందు.

కాకరరసము, నేరేడుగింజల పొడి మందునకు బదులు కానేరవు. ఇన్సులిన్ సూది యనిన చివరి ఘడియ వచ్చినదను భయమును తగదు. వైద్యుడు చెప్పక మందు మానరాదు, మార్చరాదు. ఏటేట కండ్లను, మూత్రపిండములను పరీక్షింపించుకొనవలెను. రోజును రాత్రి కాళ్లు కడుగుకొని, తుడుచుకొని, వ్రేళ్ల సందులు చూచుకొనవలెను. చెప్పులు లేక నడవరాదు.

మందు వేసికొని అన్నము తిననివారికిని, ఖాళీ కడుపున కల్లుగాని సారాయిగాని త్రాగినవారికిని చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. చెమటలు, వణకు, తత్తరపాటు కనబడినచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు. 108 వాహనమును పిలువవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రోడ్డును, మురుగుకాలువను కట్టించుట యెంత ముఖ్యమో ఇదియు అంత ముఖ్యము. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

1. 30 ఏండ్లు దాటినవారిలో ఎవరికి పరీక్ష కాలేదో ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగి, వార్డు సభ్యుడు తన వార్డువారిని ఉపకేంద్రమునకు పంపవలెను. సభ్యులే ముందుగా పరీక్ష చేయించుకొన్నచో జంకు తొలగును.

2. కూలి పోవునను భయముతో పెక్కుమంది పగలు రారు. ఉదయము ఏడు గంటలకే, పనికి పోకముందు, పరీక్ష జరుగునట్లు ఆరోగ్య సిబ్బందితో మాటాడవలెను.

3. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందు ఉచితము. నిలువ లేనిచో ఆ సంగతిని వ్రాతమూలకముగా వైద్యాధికారికి తెలుపవలెను. ఒక్క నెల మందు అందకున్నచో అలవాటు తప్పును.

4. ఎవరి వ్యాధియు గ్రామసభలో బయటపెట్టరాదు. పేరు చెప్పక మంచి చెప్పవలెను. పేరు తెలిసినవారిని ఇంటికి పోయి పలుకరింపవలెను.

5. పంచాయతీ సమావేశములలో చక్కెర లేని టీ కూడ ఉంచవలెను.

2016లో సిద్దిపేట జిల్లా యేర్పడినది. 2018లో ఇచట ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. పెద్ద వైద్యము దగ్గరకు వచ్చినది. కాని రోగి పెద్ద దవాఖానకు పోవలసిన అవసరమే రాకుండ చూచుట గ్రామముననే జరుగవలెను. నొప్పి వచ్చినపుడు చూతమనుకొన్నచో ఆలస్యమగును. నొప్పి రాకముందే పిలిచి పరీక్ష చేయించువారు ఊరికి కావలెను. అట్టివారు మన పంచాయతీ సభ్యులే కావలెనని మా కోరిక.