పంచాంగము పలికిన సాక్ష్యము

చదువవలసిన భాగములు: ద్వితీ. 19:15-21, సామెతలు 31:8, 9.

అబ్రాహాము లింకను అనగానే అమెరికా అధ్యక్షుడును, బానిసల విడుదలయు మనకు జ్ఞప్తికి వచ్చును. అయితే అంతకుముందు ఆయన దాదాపు 25 సంవత్సరములు వకీలుగా నుండెను. 1809లో కెంటకీలోని ఒక దుంగల గుడిసెలో పుట్టిన ఆయన బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము నిండదు. పుస్తకములు ఎరువు తెచ్చుకొని, స్వయముగా చదివి, 1836లో వకీలు పట్టా పొందెను. ఇల్లినాయ్ రాష్ట్రములో గుఱ్ఱమెక్కి ఊరూరి కోర్టులకు తిరిగెను.

1857 ఆగస్టు 29వ తేది రాత్రి, ఒక ఉజ్జీవకూటము జరుగుచున్న స్థలమునకు సమీపమున త్రాగినవారి మధ్య కొట్లాట జరిగెను. దెబ్బలు తిన్న ఒకడు కొన్ని దినములకు చనిపోయెను. డఫ్ ఆర్మ్‌స్ట్రాంగు అను యువకునిపై హత్యానేరము మోపబడెను. అతని తల్లి హన్నా విధవరాలు. లింకను బీదవాడై యున్న కాలమున ఆమె ఆయనకు భోజనము పెట్టి, బట్టలు కుట్టి యిచ్చినది. ఆయన ఆ మేలు మరువక, ఫీజు తీసికొనకయే వాదించుటకు వచ్చెను.

1858 మే నెలలో బియర్డ్‌స్టౌను కోర్టులో విచారణ జరిగెను. రాత్రి 11 గంటల వేళ, సుమారు 150 అడుగుల దూరమునుండి, నిండు వెన్నెలలో తాను చూచితినని ముఖ్యసాక్షి చెప్పెను. లింకను ఆ మాటను అతనిచేత మరల మరల చెప్పించి, పిమ్మట ఆ సంవత్సరపు పంచాంగమును జూరీవారి యెదుట తెరచెను. ఆ వేళకు చంద్రుడు నడినెత్తిన లేడు, అస్తమించుటకు దిగిపోవుచుండెను! డఫ్ నిర్దోషియని తీర్పు వచ్చెను.

లింకను దొంగ పంచాంగము చూపెనని తరువాత కొందరు పుకారు పుట్టించిరి. అయితే ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్క కట్టగా, ఆ రాత్రి చంద్రుడు ఇంచుమించు అర్ధరాత్రివేళ అస్తమించెనని తేలెను.

ప్రియులారా, సాక్షి చెప్పినది బాగుగా విమర్శింపవలెనని ధర్మశాస్త్రము న్యాయాధిపతులను ఆజ్ఞాపించుచున్నది. ఫలానివాడు దొంగిలెనని ఒకడు అనగానే మనము పదిమందికి చెప్పుదుము. ఎప్పుడు చూచితివి, ఏ వెలుతురులో చూచితివి అని అడుగము. నోరులేని వారి పక్షమున నోరు తెరచుట యనగా గట్టిగా కేకలు వేయుట కాదు. ఓపికతో నిజము వెదకుటయే. విధవరాలి కుమారుని కాపాడినది అదియే.

ఆలోచించుడి:
1. ఈ నెలలో మనము విచారింపక నమ్మిన మాట ఏది?
2. దానివలన ఎవరికి నష్టము కలిగినది? దానిని ఎట్లు సరిచేయుదుము?