బిగింపునకు కొలత

నా వ్రాతబల్లమీద కాగితములు ఎగిరిపోకుండుటకై ఒక ఇనుప నట్టును ఉంచుకొన్నాను. అది కారు చక్రమును బిగించెడి నట్టు. దానికి ఆరు మూలలు ఉండవలెను. కాని అవి అన్నియు అరిగి గుండ్రనైనవి. మా ఇంటికి వచ్చెడి పిల్లలు దానిని చేతబట్టుకొని, "ఇది ఎందులకు పనికివచ్చును, తాతగారూ?" అని అడుగుదురు. "ఇది నాకు పాఠము చెప్పినది" అని నేను బదులు చెప్పుదును. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పిన నాకు ఒక ఇనుపముక్క చెప్పిన పాఠమేమో మీకును చెప్పెదను.

రెండు సంవత్సరముల క్రిందట మా అక్కగారికి గుంటూరులోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయుటకు నిశ్చయించిరి. ఉదయము ఏడు గంటలకు ముహూర్తము. ముందునాటి రాత్రి ఆమె ఫోనులో, "తమ్ముడూ! లోపలికి తీసికొనిపోవుటకు ముందు ఒకసారి నీ ముఖము చూడవలెనని ఉన్నదిరా" అని పలికెను. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు నేనును, నా మనుమడును నరసరావుపేటనుండి కారులో బయలుదేరితిమి. ఫిరంగిపురము ఇంకను రాకమునుపే కారు ఒకప్రక్కకు లాగసాగెను. దిగి చూడగా ముందరి ఎడమ చక్రమునకు పంక్చరు పడియుండెను.

"భయము లేదు తాతయ్యా! స్టెప్నీ ఉన్నది. పది నిమిషములలో మార్చెదను" అని మనుమడు డిక్కీ తెరచెను. స్టెప్నీ అను మాటకు ఒక చిన్న చరిత్ర కలదు. వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున డేవిస్ సోదరులు 1904లో ఈ అదనపు చక్రమును కనిపెట్టిరి. వారి దుకాణము స్టెప్నీ వీధిలో ఉండెను. ఆ వీధి పేరే చక్రమునకు వచ్చి, సముద్రములు దాటి, నేటికిని మన రోడ్లమీద దొర్లుచున్నది.

మనుమడు జాకీతో కారును పైకెత్తెను. పానా తీసికొని నట్టును త్రిప్పబోయెను. నట్టు కదలలేదు. చక్రము మాత్రము తిరిగిపోవుచుండెను. కారు జాకీమీద ఊగుచుండెను. అతడు పండ్లు బిగించి, పానామీద కాలుంచి ఒక్క ఉదుటున త్రొక్కెను. పానా జారి ఎగిరిపడినది. అతని మోకాలు దోగుకొనిపోయెను. నట్టు మూలలు చెక్కుకొనిపోయెను. చీకటిలో సెల్‌ఫోను దీపము పట్టుకొని నిలుచున్న నాకు చేతులు వణకసాగెను. గడియారము అయిదున్నర చూపుచుండెను.

అప్పుడు నాకొక సంగతి జ్ఞాపకము వచ్చినది. పది దినములకు ముందే ఆ కారుకు క్రొత్త టైర్లు వేయించితిని. దుకాణములోని కుఱ్ఱవాడు ఎయిర్ గన్ అను గాలిపనిముట్టుతో నట్లను బిగించుచుండగా, నేనే దగ్గర నిలిచి, "ఇంకను గట్టిగా బిగింపుము నాయనా! దూరప్రయాణములు చేయువారము" అని హెచ్చరించితిని. అతడు నా మాట మన్నించి, ఒక్కొక్క నట్టుమీదను ఆ పనిముట్టును మరల మరల మ్రోగించెను. "ఇప్పుడు ఏనుగు లాగినను ఊడదు సార్" అనెను. నేను సంతోషించి ఇంటికి వచ్చితిని. ఆ సంతోషమే ఇప్పుడు నా దారికి అడ్డముగా నిలిచినది.

ఇంతలో ఒక లారీ మా ప్రక్కన ఆగెను. నడివయసు దాటిన డ్రైవరు దిగివచ్చి, సంగతి విని, మొదట చక్రమువైపు గాక జాకీవైపు చూచెను. "అయ్యా! ముందు బండిని నేలకు దింపుడు. చక్రము నేలమీద ఉన్నప్పుడే నట్లను సడలింపవలెను. పైకెత్తిన పిదప బలము చేసినచో బండి జాకీమీదనుండి పడును" అనెను. పిమ్మట తన లారీనుండి ఒక పొడుగైన ఇనుపగొట్టము తెచ్చి పానాపిడికి తొడిగెను. పిడి ఎడమవైపునకు నేలతో సమానముగా ఉండునట్లు అమర్చి, ఊపిరి బిగబట్టక, తొందరపడక, మెల్లగా క్రిందికి అదిమెను. కిర్రుమను చప్పుడుతో మొదటి నట్టు సడలెను. రెండవదియు, మూడవదియు అట్లే వదలినవి. నాలుగవది మాత్రము మా మనుమడు మూలలు చెఱిపినది. దానిపై పానా పట్టు నిలువలేదు.

డ్రైవరు పానాను ప్రక్కకు పెట్టి ఇట్లనెను: "దీనిని ఇచ్చట బలవంతపెట్టరాదు. బోల్టు విరిగిన విరుగవచ్చును. మీకు ముఖ్యమైనది చక్రమా, ప్రయాణమా? కారును ఇక్కడ ఉంచి నా లారీ ఎక్కుడు." విప్పిన మూడు నట్లను తిరిగి బిగించి, అతడు మమ్ము గుంటూరు దాక తీసికొనిపోయెను. డబ్బు ఇవ్వబోగా పుచ్చుకొనలేదు.

మేము ఆసుపత్రి చేరునప్పటికి ఏడుంబావు అయ్యెను. అక్కగారిని అప్పటికే లోపలికి తీసికొనిపోయిరి. మూడు గంటలసేపు ఆ తలుపుముందు కూర్చుండి నేను అనుభవించిన బాధ వర్ణింపజాలను. దైవకృపవలన ఆమె క్షేమముగా బయటకు వచ్చినది. తెలివి వచ్చిన పిమ్మట నన్ను చూచి, "వచ్చితివా! తలుపు వేయుదాక చూచుచుంటినిరా" అనెను. నేను ఏమని చెప్పగలను? ఒక నట్టు అడ్డుపడినదని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

మరునాడు ఒక పంక్చరు పనివాడు చక్రమును విప్పకయే టైరు రంధ్రమును పూడ్చెను. అది ట్యూబు లేని టైరు అగుటచే అట్లు చేయుట సాధ్యమైనది. కారును మెల్లగా ఇంటికి చేర్చితిమి. మిగిలిన పని మేమే చేసికొనవలెనని నిశ్చయించుకొంటిమి. అయితే ఈసారి చేతికంటె ముందు బుద్ధిని ఉపయోగించితిమి.

నట్టును త్రిప్పుటకు కావలసినది బలము మాత్రమే కాదు. ఆ బలమును ఎంత దూరమునుండి ప్రయోగించుచున్నామను లెక్కయు కావలెను. బలమును, దూరమును గుణించగా వచ్చునది బలభ్రామకము. కారుతో వచ్చెడి పానాపిడి పొడవు సుమారు పావు మీటరు. మనము ఇరువదియైదు కిలోల బరువుకు సమానమగు బలముతో, అనగా దాదాపు 250 న్యూటన్లతో, దాని చివరను అదిమినచో వచ్చునది 62 న్యూటన్ మీటర్లే. అదే బలమును ఒక మీటరు పొడవుగల గొట్టము చివరనుండి ప్రయోగించినచో 250 న్యూటన్ మీటర్లు వచ్చును. లారీడ్రైవరు మా మనుమనికంటె బలవంతుడు కాడు. అతని పిడి పొడుగు.

మరి ఆ నట్టు ఎంత బిగువుగా ఉండవలెను? చిన్నకార్ల నట్లకు సాధారణముగా 85 మొదలు 120 న్యూటన్ మీటర్ల వరకు చాలును. ఖచ్చితమైన కొలత కారుతో ఇచ్చెడి పుస్తకములోనే ఉండును. ఎయిర్ గన్‌ను అదుపు లేక మ్రోగించినచో ఆ కొలతకు అనేకరెట్లు ఎక్కువగా బిగించివేయగలదు. అట్లు బిగించుటవలన మేలు కలుగునా? కలుగదు. నట్టును బిగించునప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగును. సాగిన రబ్బరువలె అది తిరిగి ముడుచుకొనబోవుచు చక్రమును పట్టియుంచును. మనము వెచ్చించు శ్రమలో దాదాపు తొమ్మిదివంతులు మరలలోని ఘర్షణకును, నట్టు అడుగునందలి ఘర్షణకును పోగా, పదియవవంతు మాత్రమే బోల్టును సాగదీయును. హద్దుమీరి బిగించినచో బోల్టు సాగి, మరల తన పొడవునకు రాదు. దాని పట్టు చెడును. మరలు తెగవచ్చును, బ్రేకు పళ్లెము వంకరపోవచ్చును. కొన్నిసార్లు బోల్టు విరిగిపోవును. చక్రము ఊడకుండుటకై చేసిన పనియే చక్రము ఊడుటకు దారితీయును.

ఒక ఆదివారమున మేము పనికి పూనుకొంటిమి. కారును సమతలముగా ఉన్న నేలమీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రములకు ముందును వెనుకను కొయ్యదిమ్మెలు పెట్టితిమి. ముందునాటి రాత్రియే తీగబ్రష్షుతో తుప్పు దులిపి, తుప్పును వదలించెడి నూనెను ఆ నట్టు మరలకు మాత్రమే పట్టించియుంటిమి. ఆ నూనె బ్రేకునకు తగులకుండ జాగ్రత్తపడితిమి. మంటతో కాల్చుట సులభమని ఒకరు చెప్పిరి. కాని వేడివలన టైరును, లోని బేరింగును చెడునని మేము అట్లు చేయలేదు.

మూలలు చెడిన నట్టుకు దాని కొలత సాకెట్టు పట్టు చిక్కదు. కనుక దానికంటె కొంచెము చిన్నదియు, లోపల ఆరు పలకలు గలదియు అగు గట్టి సాకెట్టును తెచ్చి, సుత్తితో కొట్టి నట్టుపై దిగవేసితిమి. కండ్లకు అద్దములును, చేతులకు తొడుగులును ధరించి, పొడుగైన కడ్డీని తగిలించితిమి. మనుమడు ఒక్కసారిగా త్రొక్కబోగా నేను వారించితిని. "ఉదుటు వలదు, నిలుకడగా అదుముము. జారినచో ఎటు పడుదువో ముందే చూచుకొనుము" అంటిని. అతడు అట్లే అదిమెను. కొంతసేపు ఏమియు జరుగలేదు. పిదప "టక్" అని గట్టి చప్పుడైనది. నట్టు విరిగెనేమోయని నా గుండె జల్లుమనెను. విరుగలేదు, సడలినది! అప్పుడు జాకీ ఎత్తి, చక్రమును తీసితిమి. జాకీమీద మాత్రమే నిలిచియున్న కారు క్రింద ఎన్నడును దూరరాదు. ఈ మాట మరువకుడు.

ఆ బోల్టు మెడ సన్నబడి సాగియుండెను. దానిని మెకానిక్కు చేత మార్పించి, క్రొత్త నట్టు తెచ్చితిమి. పాత నట్టే నా బల్లమీద ఉన్నది.

తిరిగి బిగించుటలోను క్రమము కలదు. మొదట మరలనుండి నూనెను, మట్టిని పూర్తిగా తుడువవలెను. నూనె ఉన్నచో ఘర్షణ తగ్గి, అదే కొలతకు బోల్టు ఎక్కువ సాగును. నట్లను ముందు చేతితోనే త్రిప్పవలెను. ఒకదాని తరువాత దాని ఎదుటిదానిని బిగింపవలెను. వరుసగా బిగించినచో చక్రము ఒకప్రక్కకు ఒరుగును. కారును నేలకు దింపిన పిదప టార్క్ రెంచి అను కొలతపానాతో తుదిబిగింపు చేయవలెను. నిర్ణయించిన కొలత రాగానే అది "టిక్కు"మని హెచ్చరించును. అక్కడ ఆగవలెను. ఆ పానాను విప్పుటకు ఉపయోగింపరాదు. దాని కొలత చెడును. యాభై మొదలు నూరు కిలోమీటర్ల వరకు నడచిన పిదప మరల ఒకసారి పరీక్షింపవలెను. తక్కిన మూడు చక్రముల నట్లను గూడ మేము ఒక్కొక్కటిగా సడలించి, సరియైన కొలతకు తెచ్చితిమి. సడలిన నట్టు ప్రాణాంతకము; మితిమీరి బిగిసినదియు మేలు కాదు.

పని ముగిసిన తరువాత మనుమడు, "తాతయ్యా! ఆ దుకాణమువానిని మందలింపవలదా?" అని అడిగెను. నేను ఆలోచించితిని. అతడు చెడ్డ తలంపుతో బిగింపలేదు. నేనును చెడ్డ తలంపుతో చెప్పలేదు. ఇద్దరమును క్షేమమునే కోరితిమి. అయితే, ఆ నట్టును ఎన్నడో ఒకనాడు, చీకటిలో, తొందరలో, చిన్న పానాతో ఎవరో ఒకరు విప్పవలసివచ్చునని మాలో ఒక్కరికైనను తోచలేదు. ఆ ఎవరో నేనే అయితిని.

మరునాడు ఆ దుకాణమునకు పోయి, మందలించుటకు మారుగా, జరిగినదంతయు ఆ కుఱ్ఱవానికి చెప్పి, నా తప్పును ముందుగా ఒప్పుకొంటిని. అతడు చాలసేపు మౌనముగా ఉండి, "ఇకమీదట కొలతపానాతోనే ముగించెదను సార్" అనెను.

బాలలారా! మీరు పెద్దవారై ఎన్నో బిగింతురు: నట్లను, మూటలను, నియమములను. ఏది బిగించినను, దానిని విప్పవలసిన చేతిని ఒక్క క్షణము తలచుకొనుడు. అప్పుడు ఎక్కడ ఆగవలెనో మీ చేతికే తెలియును.

ప్రశ్నలు

1. కారును పైకెత్తకముందే నట్లను సడలింపవలెనని లారీడ్రైవరు ఏల చెప్పెను?
2. అదే బలముతో పొడుగు పిడివలన ఎక్కువ ఫలము కలుగుటకు కారణమేమి?
3. మితిమీరి బిగించుటవలన కలుగు నష్టములను పేర్కొనుడు.
4. రచయిత దుకాణములోని కుఱ్ఱవానిని మందలింపకపోవుటకు కారణమేమి? మీరైనచో ఏమి చేసియుందురు?