మాటసాయం

మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించారు. వేదం ప్రభువువలె శాసిస్తుంది. పురాణం మిత్రునివలె నచ్చజెబుతుంది. కావ్యం కాంతవలె మనసును కరిగించి తనవైపు తిప్పుకొంటుంది. ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అనే ఈ విభాగాన్ని మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యప్రయోజనాలను చెప్పే సందర్భంలో వివరించాడు. సాహిత్య విద్యార్థులకు ఇది పరిచితమైన విషయమే. ఈ పాఠంలో దానిని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోదాం.

నెల్లూరు జిల్లా పశ్చిమాన, కడప జిల్లా సరిహద్దున వెలిగొండల చెంత సీతారామపురం ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలతో కూడిన ఈ మెట్టసీమలో వాన తక్కువ, రాయి ఎక్కువ. నీరు చాలని నేలలో రైతు నమ్ముకొన్న పంటలలో పొగాకు ఒకటి. కలిగిరిలోను, మర్రిపాడు మండలంలోని డి.సి. పల్లిలోను పొగాకు బోర్డువారి వేలం కేంద్రాలు ఉన్నాయి. ఆకు కోత మొదలైతే బ్యారన్ల వద్ద రాత్రింబవళ్లు మంట ఆరకుండా కనిపెట్టి ఉండాలి. అక్కడ నిద్ర ఆపుకొనేందుకు రైతుకు, కూలీకి తోడు బీడీ. పొగాకు మీదనే బతికే మనిషితో పొగ మానమని చెప్పడం ఎంత చిక్కైన పనో ఆలోచించండి.

వైద్యుడు సాధారణంగా చేసేది ప్రభుసమ్మిత ఉపదేశం. “బీడీ మానెయ్యి, లేకపోతే చస్తావు” అంటాడు. రోగి తల ఊపి, బయటికి వచ్చి, చెట్టుకింద బీడీ ముట్టిస్తాడు. అతడు మూర్ఖుడు కాడు. పొగ హానికరమని అతనికి తెలియకపోలేదు. మానాలనే కోరిక, మానలేననే భయం అతనిలో ఏకకాలంలో ఉంటాయి. ఎదుటివాడు ఒక పక్షం వహించి గట్టిగా వాదిస్తే, రెండవ పక్షాన్ని సమర్థించడం మనిషి స్వభావం. “మా తాత తొంభై ఏళ్లు తాగి బతికాడు” అనే సమాధానం అక్కడినుంచే పుడుతుంది.

ఈ సంగతిని గుర్తించి చికిత్సాపద్ధతిగా మలచినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్. ఆయన మద్యపానపీడితులకు చికిత్స చేసేవాడు. 1983లో తన పద్ధతిని ఒక వ్యాసంలో వివరించాడు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి గ్రంథం వెలువరించాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరుపొందిన ఈ విధానాన్ని మనం ‘ప్రేరణాత్మక సంభాషణ’ అనవచ్చు. తప్పు కనబడగానే సరిదిద్దాలనే ఆత్రాన్ని సలహాదారు అణచుకోవాలని దీని మొదటి నియమం. (ఆ ఆత్రం అధ్యాపకులమైన మాకు వైద్యులకంటె ఎక్కువే.)

ఇటువంటి సంభాషణ ఒకటి ఊహించి చూద్దాం. ఆయాసంతో వచ్చిన వృద్ధరైతుతో ఆరోగ్య కేంద్రంలోని నర్సు మాట్లాడుతున్నది.

“పెద్దాయనా, బీడీ మీకు ఏ వేళలో బాగా కావాలనిపిస్తుంది?”

“తెల్లారి లేస్తానే ఒకటి పడాలమ్మా. ఇంక బ్యారన్ కాడ రాత్రంతా మేలుకోవాల గదా, అప్పుడు లెక్కే ఉండదు.”

“రాత్రిపూట తోడుగా ఉంటుందన్నమాట.”

“తోడే. కానీ ఈ మధ్య మెట్లెక్కితే రొప్పు వస్తా ఉంది. మనవడు ఎత్తుకోమని వస్తాడు. నా దగ్గు చూసి వాళ్లమ్మ పిల్లోణ్ణి లోపలికి తీసకపోతుంది.”

“అది మీకు చాలా కష్టంగా ఉంది.”

“ఉండదా తల్లీ?”

“మానాలన్న కోరిక పదహారణాల్లో ఎన్నణాలు ఉందంటారు?”

“ఆరణాలు ఉంటాది.”

“రెండణాలు అనకుండా ఆరణాలన్నారే, ఎందుకని?”

“చెప్తిని గదమ్మా, ఆ పిల్లోడు...”

చివరి ప్రశ్నలోని నేర్పు గమనించదగ్గది. “పదహారణాలు ఎందుకు లేదు?” అని అడిగి ఉంటే ఆ రైతు అడ్డంకులన్నీ ఏకరువుపెట్టేవాడు. అంటే తన అలవాటు తరఫున తానే వకాల్తా పుచ్చుకొనేవాడు. ప్రశ్న తిరగబడేసరికి మానడానికి కారణాలు అతని నోటనే వచ్చాయి. నర్సు ఒక్కసారి కూడా మానమనలేదు. అతని మాటనే మరింత స్పష్టంగా అతనికి తిరిగి వినిపించింది. పరుల మాటకంటె తన నోటివెంట వచ్చిన మాటకే మనిషి ఎక్కువ కట్టుబడతాడు.

అయితే సలహాదారు ఏమీ చెప్పకూడదని కాదు. “మీరు సరేనంటే ఒక సంగతి చెబుతాను” అని అనుమతి తీసుకొని చెప్పాలి. నికోటిన్ రక్తంలో సుమారు రెండు గంటలలో సగానికి తగ్గుతుంది. కనుకనే రాత్రి గడిచి తెల్లవారేసరికి కోరిక అంత తీవ్రంగా ఉంటుంది. మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి అధికం. ఇవి రోగం ముదిరిన గుర్తులు కావు, శరీరం సర్దుకొంటున్న గుర్తులు. ఒక సంవత్సరం గడిస్తే గుండెజబ్బు ముప్పు, పొగ తాగేవారి ముప్పులో దాదాపు సగానికి దిగుతుంది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రారంభించిన 1800-11-2356 అనే ఉచిత ఫోను సేవ కూడా మానదలచినవారికి సలహా ఇవ్వడానికే ఏర్పడింది.

అన్నిచోట్లా మిత్రవాక్యమే తగినదని భావించరాదు. గుండెనొప్పితో పడిపోయినవానితో అణాల లెక్క తీయడం అవివేకం. అక్కడ ఆజ్ఞయే ఔషధం. వైద్యుడు సూటిగా చెప్పిన ఒక్క మాటతో పొగ మానినవారూ లేకపోలేదు. ఎంత ఓర్పుగా మాట్లాడినా మారనివారు ఎందరో ఉన్నారు.

సంభాషణ బలం ఈ సీమకు కొత్త కాదు. ఉదయగిరికి తూర్పున ఉన్న కలిగిరి మండలంలోని దూబగుంట ఇందుకు సాక్ష్యం. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమకాలంలో అక్కడి స్త్రీలు రాత్రిబడిలో గుమికూడి, వాచకంలోని సారా కథ చదివి, అది తమ కథే అని గుర్తించారు. మీరు పోరాడండి అని ఎవరూ వారిని శాసించలేదు. కూలిడబ్బు ఏమవుతున్నదో ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. రోశమ్మ మొదలైనవారు ముందు నిలిచి ఊరిలో సారా అమ్మకాన్ని ఆపారు. ఆ ఊరి కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. శాసనం చేయగలిగినది దుకాణం మూయించడం. తాగే అలవాటు ఉన్న మనిషితో మాట్లాడే పని మిగిలే ఉంటుంది. ఆ పనికి తగినన్ని గొంతులు అప్పుడు లేకపోయాయని నా అభిప్రాయం.

మన వృద్ధరైతు వద్దకు మళ్లీ వద్దాం. నర్సు చివరగా అతనిని అడిగింది: “అయితే ఏం చేద్దామనుకుంటున్నారు పెద్దాయనా?”

అతడు కొంతసేపు ఆలోచించి, “ఒక్కసారిగా మానలేనమ్మా. ఇంట్లో మాత్రం ముట్టించను. పిల్లోడు నిద్ర లేచేలోపల తెల్లారిది కూడా ఆపి చూస్తా” అన్నాడు. నర్సు చీటీ మీద మందులతోబాటు ఆ మాటను కూడా రాసుకొని, పక్షం రోజుల తరువాత రమ్మని చెప్పింది.